ఎస్తేరు మేడమ్ సంతకం

వేడినీళ్లలో ఎర్ర మైనం మెత్తబడేటప్పుడు ఒక వాసన వస్తుంది. కొంచెం తీపిగా, కొంచెం మాడిన నూనెలా ఉంటుంది. మొన్న సోమవారం పొద్దున మా విభాగంలో ఎవరో ఒక రోగి నోటికి అచ్చు తీయడానికి మైనం ముద్దను గిన్నెలో ముంచారు. పక్కగదిలో చార్టులు చూస్తున్న నేను ఉన్నట్టుండి వెన్ను నిటారుగా చేసుకుని కూర్చున్నాను. ఎవరో నా వెనక నిలబడి, భుజం మీదుగా నేను రాసిన అంకెలు చదువుతున్నట్టు అనిపించింది. తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఎస్తేరు మేడమ్ పోయి నాలుగేళ్లు దాటింది.

ఆవిడ విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో భౌతికశాస్త్రవేత్తగా పనిచేసేవారు. డాక్టరు కాదు. రోగికి రేడియేషన్ ఏ కోణం నుంచి ఎన్ని నిమిషాలు ఇవ్వాలో లెక్కకట్టడం, యంత్రం నిజంగా అంతే ఇస్తోందా అని కొలిచి చూడడం ఆవిడ పని. తొంభైల చివర్లో నేను ఆవిడ దగ్గర పరిశోధన విద్యార్థినిగా చేరాను. అప్పటికే ఆవిడకు యాభై దాటాయి. పొట్టి మనిషి. గంజి పెట్టిన నూలు చీర, మెడలో సన్నటి గొలుసుకి చిన్న శిలువ. భర్త పోయాక గాజువాకలో ఒంటరిగా ఉంటూ రోజూ బస్సులో వచ్చేవారు. ఆసుపత్రిలో ఆవిడంటే గౌరవం ఉండేది గానీ ఇష్టం అంతగా ఉండేది కాదు. ఎవరు ఏం చెప్పినా మొహంలోకి కాసేపు చూసి, ‘అలాగా?’ అనడం ఆవిడ అలవాటు. ఆ ‘అలాగా’ విన్నాక నిజం చెప్పినవాడికి కూడా తాను అబద్ధమాడానేమోనన్న అనుమానం వచ్చేది.

చేరిన మొదటి రోజే నాకది తెలిసింది. యంత్రం ఉన్న గదిలోకి తీసుకెళ్లి, గోడకున్న థర్మామీటరు చూపించి, "ఎంతుంది?" అని అడిగారు. కొలతలు వేసేటప్పుడు గది వేడి కూడా లెక్కలోకి వస్తుంది.

"ఇరవై నాలుగు, మేడమ్."

"ఎన్నిసార్లు చూశావు?"

"ఒకసారే."

"అలాగా?" అని సంచిలోంచి ఇంకో థర్మామీటరు తీసి నా చేతిలో పెట్టారు. పావుగంట తర్వాత అది ఇరవై అయిదు చూపించింది. ఏది సరైనదని అడిగాను. "నాకూ తెలీదు. తెలీదన్న సంగతి మాత్రం ఇప్పుడు ఇద్దరికీ తెలిసింది" అన్నారు. ఆ రోజంతా మేమిద్దరం మూడో థర్మామీటరు కోసం ఆసుపత్రిలోని గదులన్నీ తిరిగాం. ఆవిడకు ఏదో చాదస్తముందని నేను ఇంటికెళ్లి మా అమ్మతో చెప్పాను.

మా ఇల్లు జాలరిపేటలో. నాన్న వేటకెళ్లేవాడు, అమ్మ చేపలు అమ్మేది. మా వైపు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఉండేది. అంటే చుట్ట మండే కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడం. మా నాయనమ్మ అలాగే పీల్చేది, నోట్లో నిప్పు ఉండగానే బేరాలు కూడా ఆడేది. చివరికి నోటి పైకప్పులో పుండు లేచి, అదే ఆమెను తీసుకుపోయింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. పరిశోధనకు విషయం ఎంచుకోమన్నప్పుడు నాకు వేరే ఆలోచన రాలేదు. అంగిట్లో క్యాన్సరు వచ్చిన ఆడవాళ్లకు రేడియేషన్ ఇచ్చేటప్పుడు, పుండు ఉన్నచోట నిజంగా ఎంత పడుతోందో కొలుస్తానన్నాను. మేడమ్ నా వైపు చాలాసేపు చూశారు. ఆ రోజు మాత్రం ‘అలాగా’ అనలేదు.

కొలవడానికి బియ్యపుగింజంత చిప్పులు ఉండేవి. కట్టుడు పళ్లకు వాడే ప్లేటు లాంటిదాన్ని రోగి అంగిలికి సరిపడా చేసి, దానికి పెట్టిన చిన్న గుంటల్లో చిప్పులు అమర్చి, ఆ ప్లేటు నోట్లో ఉండగా యంత్రం కింద పడుకోబెట్టేవాళ్లం. తర్వాత ఆ చిప్పుల్ని రీడర్ అనే పరికరంలో వేడిచేస్తే, అవి ఎంత రేడియేషన్ తిన్నాయో అంకె వచ్చేది. ఆ అంకె ఒక చిన్న చీటీ మీద అచ్చయ్యేది. నేను దాన్ని చూసి నా పుస్తకంలో రాసుకునేదాన్ని. ముందుగా మైనంతో చేసిన నమూనా నోటిలో పరీక్షించాం. ఆ నమూనాను పట్టే చట్రం ఆటోనగర్‌లో ఒక లేత్ మిస్త్రీ చేశాడు. గుంట వెంట్రుకవాసి పెద్దదైందని మేడమ్ అతని చేత మూడుసార్లు చేయించారు. మూడోసారి అతను, "అమ్మగారూ, సర్చి గంట కూడా ఇంత కొలిసి కట్టరండి" అన్నాడు. ఆవిడ నవ్వలేదు.

పదకొండుమంది రోగుల్ని కొలిచాం. పదిమందిని మొదటి వారాల్లోనే, రేడియేషన్ వల్ల నోట్లో పుళ్లు లేవకముందే కొలిచాం. వైద్యం చివరి దాకా కొలవడానికి ఒప్పుకున్నది ఒక్క పైడమ్మే. పద్మనాభం దగ్గర పల్లెనుంచి రోజూ కొడుకు వెంట వచ్చేది. మొదట్లో నాతో సరదాగానే ఉండేది. రేడియేషన్‌ని కరెంటు అనేది. "ఈ కరెంటు పెట్టీసినాక నాను మల్లీ సుట్ట కాల్సొచ్చా?" అని అడిగి, నేను కసురుకుంటే పకపకా నవ్వేది. నాలుగో వారం వచ్చేసరికి నోరంతా పుండైపోయింది. నీళ్లు మింగడానికి కూడా కళ్లు మూసుకునేది. ఆ రోజు నేను ప్లేటు పట్టుకుని దగ్గరికెళితే రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"వొద్దమ్మా. నీకు దణ్ణవెడతాను. నోట్లో నిప్పులెట్టినట్టుంది. సచ్చిపోతన్నాను."

నేను బలవంతం చేయలేదు. అంతవరకూ నా తప్పు లేదు. కానీ ఆ సాయంత్రం పుస్తకంలో ఆ రోజు గడి ఖాళీగా కనిపించింది. చివరి దాకా కొలవడానికి ఉన్న ఒకే ఒక్క రోగి. మూడు వారాలుగా ఆమె అంకెలు దాదాపు ఒకేలా ఉన్నాయి. ఈ రోజు మాత్రం ఎందుకు మారుతుంది అనుకున్నాను. అంతకుముందు అంకెకు కాస్త అటూఇటూగా ఒక అంకె రాశాను. ఆ తర్వాతి వారంలో, ఆమె వైద్యం ముగిసేలోగా కొలవాల్సిన మిగతా రెండు రోజులు కూడా అంతే చేశాను. మూడు అంకెలు. మూడు నిమిషాల పని కూడా కాదు. రాసి మర్చిపోయాను. మర్చిపోవడం అంత తేలికా అని ఎవరైనా అడిగితే, అవును, చాలా తేలిక అని చెబుతాను. ఎందుకంటే కొన్నాళ్లకే నాకు వేరే మనిషిని అనుమానించే పని దొరికింది.

పైడమ్మ వైద్యం ముగించుకుని వెళ్లిపోయిన కొన్నాళ్లకు, సింగపూర్‌లో జరగబోయే ఒక అంతర్జాతీయ సదస్సుకు, పుండు మీద పడే మోతాదు చివరి దాకా మారదని చెప్పే పేపరు పంపాం. నా పేరు ముందు, మేడమ్ పేరు తర్వాత టైపు చేశాను. ఆవిడ ఆ వరసను చూసి ఏమీ అనలేదు, "పంపు" అన్నారంతే. పేపరుకి ఒప్పుకోలు వచ్చింది. వారం తిరక్కుండా యంత్రం నడిపే టెక్నీషియన్ అప్పలరాజు నన్ను మెట్ల దగ్గర ఆపాడు. అతనికి మేడమ్ అంటే పడదు. అతను టీకి వెళ్లి వచ్చే సమయాన్ని కూడా ఆవిడ గడియారం పెట్టి చూసేవారు.

"సెల్లెమ్మా, ఒక మాట సెప్తాను, నా పేరు బైటెట్టకు. మేడమ్ ఆదోరం సర్చి నుంచి సీదా ఇక్కడికే వత్తన్నారు. నీ పుస్తకం తీసి అన్నీ రాసుకుంతన్నారు. నానే తలుపు తీసాను కదా!"

"ఎందుకు రాసుకుంటారు?"

"ఏటి, నీకు తెలీదా? ఫారిన్ పోయేది ఆమె గానీ నువ్వు కాదు. సూసుకో మరి."

నేను నమ్మలేదు. నమ్మలేదు గానీ, ఆ శనివారం పుస్తకం మూసేముందు పేజీల మధ్య నా తలవెంట్రుక ఒకటి పెట్టాను. సోమవారం అది లేదు. తర్వాతి ఆదివారం నేనే వెళ్లాను. తలుపుకున్న అద్దంలోంచి చూస్తే, తెల్లచీరలో మేడమ్ నా బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఒక పక్క బైబిలు, ఒక పక్క నా పుస్తకం, ఇంకో పక్క ఏవో చిన్న కాగితాల కట్టలు. వేలుతో ఒక్కో గీతా ఆనించి చూస్తూ వేరే పుస్తకంలోకి ఎక్కించుకుంటున్నారు. లోపలికెళ్లి ‘ఏం చేస్తున్నారు మేడమ్?’ అని అడిగి ఉంటే అక్కడితో అన్నీ తేలిపోయేవి. అడగలేదు. జాలరిపేట నుంచి వచ్చిన దాని కష్టం పెద్దవాళ్ల పేరు మీదికి ఎలా మారుతుందో కళ్లారా చూశానని అనుకుంటూ వెనక్కి నడిచాను. నిజం చెప్పాలంటే, ఆ కోపంలో ఒక సుఖం కూడా ఉంది.

ఆ తర్వాత ప్రతిదీ సాక్ష్యంగానే కనిపించింది. మా ఫలితం చూసి, ఆ రోగులకు వైద్యం చేసే డాక్టరు గారు, "అయితే చివరి వారాల్లో దవడ ఎలా నిలబడుతోందో మళ్లీ మళ్లీ చూడక్కర్లేదన్నమాట. మోతాదు మారడం లేదు కదా" అన్నారు. మేడమ్ వెంటనే, "కొన్నాళ్లు ఆగండి సార్. నాకింకా నమ్మకం కుదరలేదు" అన్నారు. నా పరిశోధనను నా ముందే తొక్కేస్తున్నారనుకున్నాను. ఒకరోజు బయటికి వెళ్లే టపాలో సదస్సు కార్యాలయానికి ఒక కవరు కనిపించింది. ఆవిడ చేతిరాత. కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తిపట్టి చూశాను. దళసరి కాగితం, ఏమీ కనబడలేదు.

"ఏం ఉత్తరం మేడమ్ అది?" ఈసారి అడిగాను.

"నీ పేపరు సంగతే. చిన్న సవరణ."

"నాకు చెప్పలేదు."

"అక్కడ వాళ్లిచ్చే పుస్తకంలో చూస్తావుగా." కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రత్నం, వెళ్లేలోగా నాతో చెప్పాల్సింది ఏమైనా ఉందా?"

నా నోటితో నేనే ఏదో ఒప్పుకునేలా చేయడానికి వేసిన ఎత్తు అనిపించింది. "ఏమీ లేదు మేడమ్" అన్నాను.

"అలాగా? సరే."

ప్రయాణానికి ముందు రోజు మా అమ్మ చేపల బుట్ట దించి, నా పెట్టె పక్కన కూర్చుంది. "ఏటే, అంత దూరం ఎల్లి ఏటి సెప్తావే ఆల్లకి?" అంది.

"మన నాయనమ్మలాంటోళ్ల నోట్లో కరెంటు ఎంత పడతందో సెప్తానమ్మా."

"సరిగ్గా సెప్పు మరి. ఆల్లకి తెలీదు కదా" అని నా తల నిమిరింది. ఆ చెయ్యి కింద నాకేదో గుచ్చుకున్నట్టయింది, కానీ అది ఏమిటని చూసుకోలేదు.

సింగపూర్‌లో సదస్సు మొదటి రోజు మధ్యాహ్నం పేరు నమోదు చేసుకోగానే చేతికి లావుపాటి పుస్తకం ఇచ్చారు. నిలబడ్డచోటే తెరిచాను. మేడమ్ పేరు ముందుకొచ్చి ఉంటుందని తెలుసు, ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో చూడాలని నా ఆత్రం. మా పేపరు పేజీ దొరికింది. ఒక్కటే పేరు ఉంది. నాది. అచ్చు తప్పేమో అనుకున్నాను. తర్వాత, నన్ను తప్పించి ఆవిడ విడిగా ఇంకో పేపరు పంపి ఉంటారని అనుమానం వచ్చింది. వెనక పేర్ల పట్టిక రెండుసార్లు వెదికాను. ఆవిడ పేరు ఎక్కడా లేదు. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. కార్డు ఫోను ఉన్న చోటికి వెళ్లి ఆసుపత్రికి ఫోన్ చేశాను. మేడమే ఎత్తారు.

"మేడమ్, పుస్తకంలో మీ పేరు లేదు."

"అవునమ్మా. నేనే తీసెయ్యమని రాశాను."

"ఎందుకు?"

"నువ్వు రాసిన ప్రతి అంకెనీ రీడర్ చీటీతో సరిచూశాను. ఆదివారాలు ఆ పనే చేశాను. అన్నీ కలిశాయి. పైడమ్మ గారివి మూడింటికి చీటీలు దొరకలేదు. నీ దగ్గర ఉన్నాయేమో?"

 ఫోనులో ఎక్కడో యంత్రం తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. అప్పలరాజు ఎవరినో లోపలికి పిలుస్తున్నాడు.

"మేడమ్, నేను..."

"నాకిప్పుడు చెప్పకు. రేపు చెప్పేది నువ్వు, వినేది వాళ్లు. నేను చూడని అంకె కింద నా సంతకం ఉండదు, అంతే." ఫోను పెట్టబోతూ అడిగారు. "భోజనం చేశావా?"

గదికి వచ్చి, తెర మీద వేయడానికి తెచ్చుకున్న ప్లాస్టిక్ షీటు తీశాను. పైడమ్మ గీత చివర మూడు చుక్కలు. చెరగని సిరాతో ఎంతో ముచ్చటగా పెట్టుకున్నాను వాటిని. నీళ్లకు పోలేదు, సబ్బుకు పోలేదు. చివరికి గోటితో గీకాను. సిరా పోయింది గానీ ప్లాస్టిక్ గరుకు తేలిపోయింది. అవి లేకపోతే మా ఫలితంలో ‘చివరి దాకా మారదు’ అన్న మాటకు ఆధారమే లేదు. ఆ వాక్యాన్ని కూడా కొట్టేశాను. మిగిలింది చాలా చిన్న పేపరు.

మర్నాడు పదింటికి నా వంతు. ఆ సదస్సుకు వచ్చిన ఒక ప్రొఫెసరు, తన ప్రయోగశాలలో నాకు చోటు గురించి మాట్లాడదామని ముందే ఉత్తరం రాశాడు. ఆయన రెండో వరసలో కూర్చుని ఉన్నాడు. అడ్డపొగ గురించి చెబుతుంటే హాలంతా ఆశ్చర్యంగా విన్నది. గీతల షీటు వేశాను. నేను అనుకోనిది అక్కడ జరిగింది. ప్రొజెక్టరు దీపం వెలుగులో నా గోటి గీతలు అరచేయంత పెద్దవై తెర మీద నల్లగా కనిపించాయి. ప్రశ్నల సమయంలో ఆ ప్రొఫెసరే లేచాడు.

ఆ గీకిన చోట ఏముండేదని మర్యాదగా అడిగాడు. రీడర్ ఏమైనా పాడైందా, మా దగ్గరా అలా జరుగుతుంటుంది అని తనే జవాబు కూడా అందించాడు. అవునంటే చాలు. నవ్వేసి కూర్చుంటాడు. నేను నోరు తెరిచాను. వాడూ వీడూ నన్ను మోసం చేస్తారని అంతకాలం కాపలా కాసిన నా కళ్లకు, ఆ హాల్లో మోసం చేయగలిగినది నేనొక్కదాన్నే అని కనిపించింది.

"పాడవలేదు," అన్నాను. నా ఇంగ్లీషు వణికింది. "ఆ మూడు రోజులు రోగి నోరు తెరవలేకపోయింది. నేను కొలవలేదు. కొలిచినట్టు రాశాను. నిన్న చెరిపేశాను."

  అధ్యక్షుడు తలూపి, తర్వాతి వాళ్లను పిలిచాడు. టీ దగ్గర నా చుట్టూ కాస్త ఖాళీ ఏర్పడింది. ప్రొఫెసరు దూరం నుంచి తల పంకించి వేరే వైపు వెళ్లిపోయాడు. ఆ చోటు గురించి ఆయన మళ్లీ రాయలేదు. నేనూ రాయలేదు.

తిరిగొచ్చాక మేడమ్ ఎదురుగా నిలబడి జరిగింది చెప్పాను. కోప్పడతారని చూశాను, మెచ్చుకుంటారేమోనని కూడా ఆశగా చూశాను. రెండూ చేయలేదు. సొరుగులోంచి పైడమ్మ ప్లేటు తీశారు. "ఇది నోట్లో పెట్టుకుని పది నిమిషాలు పడుకో" అన్నారు. వేరే నోటికి చేసిన ప్లేటు కదా, అంచు ఒరుసుకుని అయిదో నిమిషానికి కళ్లలో నీళ్లొచ్చాయి. "నేనూ పెట్టుకుని చూశాను. పుళ్లున్న మనిషి దీన్ని ఎలా భరిస్తుంది? తప్పు ముందు ప్లేటుది. దీన్ని మారుద్దాం పద" అన్నారు. పలచటి చిన్న ప్లేటు చేశాం, తిమ్మిరెక్కే మందు పూసి పెట్టాం. కొత్త రోగుల్ని ఈసారి పుళ్లు లేచిన రోజుల్లోనే కొలిచాం.

అంకెలు మారాయి. నొప్పికి దవడ వాలిపోయి, అంగిలి అంచు రేడియేషన్ పడే చోటునుంచి కొంచెం పక్కకి జారుతోంది. అక్కడ పడాల్సినంత పడడం లేదు. ఏ రోజుల్లో ఏమీ మారదని నేను రాశానో, సరిగ్గా ఆ రోజుల్లోనే మారుతోంది. డాక్టరు గారు చివరి వారాల్లో రోజూ దవడను సరిచూసే పద్ధతి పెట్టారు. నా థీసిస్ చివరికి దాని మీదే అయింది. దాని కింద మేడమ్ సంతకం ఉంది.

ఏడాది తిరిగేసరికి పైడమ్మ మళ్లీ వచ్చింది. అంగిలి అంచున పుండు మళ్లీ లేచింది. నన్ను చూసి గుర్తుపట్టి నవ్వబోయి, నవ్వలేకపోయింది. నా అంకెల వల్ల ఆమెకు హాని జరిగిందని ఎవరూ అనలేదు. అది నిజం కూడా కాకపోవచ్చు. ఆ జబ్బు అలా తిరిగి వస్తూనే ఉంటుంది. కానీ ఆ మూడు గడులూ ఖాళీగా ఉండి ఉంటే, ఎవరో ఒకరు, బహుశా మేడమే, ఆ రోజే వచ్చి ఎందుకు కొలవలేదని అడిగేవారు. వెళ్లి ఆమె దవడ చూసేవారు. ఇన్నేళ్లయినా నేను దీన్ని దాటి ముందుకు ఆలోచించలేను.

ఆవిడ రిటైరైన చాలా ఏళ్లకు గాజువాకలో ఇంటికెళ్లినప్పుడు ఉండబట్టలేక అడిగాను. "అప్పుడు నన్ను పిలిచి మొహం మీదే అడిగేయొచ్చు కదా మేడమ్?"

"అడిగితే ఏం చెప్పేదానివి?"

ఆలోచించాను. "చీటీలు పోయాయని చెప్పేదాన్ని."

"మరి అప్పుడు రెండు అబద్ధాలయ్యేవి. రెండోదాన్ని నేనే నీ చేత ఆడించినట్టయ్యేది."

"మీరు నా పని దొంగిలిస్తున్నారనుకున్నాను."

"తెలుసమ్మా. పుస్తకంలోంచి వెంట్రుక రాలితే నాకు కనిపించదా?" అని, ఆ రోజు మొదటిసారి నా ఎదుట గట్టిగా నవ్వారు.

ఇప్పుడు నా దగ్గర విద్యార్థులు పనిచేస్తున్నారు. వాళ్ల పుస్తకాలు నా బల్ల మీదికి వచ్చినప్పుడు నేను ముందు అంకెలు చూడను. ఎక్కడైనా ఒక గడి ఖాళీ ఉందా, పక్కన ‘కొలవలేదు’ అని రాసి ఉందా అని చూస్తాను. ఉంటే, ఎందుకని అడగడానికి ఆ రోగి దగ్గరికి నేనే నడిచి వెళతాను. ఒక్క ఖాళీ కూడా లేకుండా నిండుగా, అందంగా ఉన్న పుస్తకం కనిపిస్తే మాత్రం సంతకం పెట్టను. చీటీల కట్ట తెమ్మని చెప్పి, కుర్చీ దగ్గరికి లాక్కుంటాను.